మత్తు డాక్టరు జవాబులు: మోకీలు మార్పిడిలో రక్తం పోకుండా ఇచ్చే ఇంజెక్షన్

నేను కత్తి పట్టే డాక్టరును కాదు. ఆపరేషన్ బల్ల దగ్గర రోగి తలవైపు నిలబడి, మత్తు ఇచ్చి, రక్తపోటు చూసుకుంటూ, పీల్చిన రక్తం సీసాలో ఏ గీత దాకా వచ్చిందో ఓరకంట లెక్కపెట్టే డాక్టరును. ఈ నెల ఉత్తరాల్లో మోకీళ్ల మార్పిడి గురించినవే ఎక్కువగా వచ్చాయి. మధుమేహం, గురక గురించి అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు, బరువు 64 కిలోలు. రెండు మోకాళ్లూ అరిగిపోయి ఇంట్లోనే గోడ పట్టుకుని నడుస్తోంది. షుగరు చాలా ఏళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. రక్తం పలుచబడడానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన బిళ్ల వేసుకుంటోంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ తప్పడం లేదు. హిమోగ్లోబిన్ 9.8. వచ్చే వారం రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చేద్దామని, నాలుగు యూనిట్ల రక్తానికి దాతలను చూసుకోమని చెప్పారు. రక్తం ఎక్కువ పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇస్తారట. మెడికల్ షాపు నడిపే మా బాబాయి మాత్రం అది రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, స్టెంటు మూసుకుపోతుంది, ఒప్పుకోవద్దు అంటున్నాడు. ఎవరి మాట వినాలి? — ఒక పాఠకురాలు, తెనాలి*

మీ బాబాయిగారి భయం ఊరికే పుట్టింది కాదు గానీ, మందు చేసే పనిని ఆయన తిరగేసి చెప్పారు. ట్రానెక్సామిక్ యాసిడ్ కొత్తగా గడ్డను తయారుచేయదు. తయారైన గడ్డను శరీరం తొందరపడి కరిగించుకోకుండా ఆపుతుంది. రక్తనాళం తెగిన చోట ఫైబ్రిన్ అనే సన్నటి పోగులు అల్లుకుని గడ్డ కడుతుంది. ఆ వెంటనే ఆ పోగులను తెంపడానికి ప్లాస్మిన్ అనే ఎంజైము బయలుదేరుతుంది. దాని ముడిరూపమైన ప్లాస్మినోజెన్ ఫైబ్రిన్‌ను పట్టుకోవాలంటే పోగు మీద ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం దొరకాలి. లైసిన్ పోలికలే ఉన్న ఈ మందు ముందుగా వెళ్లి ప్లాస్మినోజెన్‌లోని ఆ పట్టును ఆక్రమించుకుంటుంది. మీది తెనాలి కనుక మీకు చెప్పనక్కర్లేదు: గండి పూడ్చిన పొలంగట్టుకు పీతలు మళ్లీ బొక్కలు పెట్టకుండా కాపలా కాయడమే దీని పని. కొత్త గట్టు వేయడం దీనికి చేతకాదు.

మోకాలికి ఈ కాపలా ఎందుకు అవసరమంటే, ఎముకను కోసినప్పుడు, తొడకు గాలిపట్టీ బిగించి వదిలినప్పుడు గడ్డను కరిగించే ఈ చర్య ఆ కాలిలో బాగా పెచ్చుమీరుతుంది. పట్టీ బిగించి ఉన్నంతసేపూ మోకాలు పొడిగా, అందంగా కనిపిస్తుంది. అసలు రక్తం పోయేది పట్టీ వదిలాక, వార్డుకు తీసుకెళ్లాక. సీసాలో, కట్లమీద కనిపించేది కొంతే. దాదాపు మరో అంత రక్తం కండరాల సందుల్లోకి, కీలు లోపలికి ఇంకిపోతుంది. నాలుగో రోజో ఐదో రోజో తొడ వెనక నుంచి పిక్క దాకా, ఒక్కోసారి చీలమండ దాకా, చర్మం నల్లగా కమిలిపోయి ఇంట్లోవాళ్లు హడలెత్తి ఫోను చేస్తారు. ఆ నలుపు అలా ఇంకిన రక్తమే. పిక్క బిగుసుకుని వాచి నొప్పి పెడుతుంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

మీ అమ్మగారి బరువుకు ఒంట్లో ఉండే రక్తం సుమారు నాలుగు లీటర్లు. ఈ మందు వాడకంలోకి రాకముందు ఒక్క మోకాలికే, కనిపించేదీ కనిపించనిదీ కలిపి, లీటరు పైచిలుకు పోయేది. హిమోగ్లోబిన్ మూడు గ్రాములు పడిపోవడం మామూలు విషయం. అప్పట్లో మోకీలు మార్పిడి అంటే ఫ్రిజ్‌లో రెండు సంచుల రక్తం ఉందా అని అడిగాకే నేను సూది పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆ నష్టం బాగా తగ్గింది. మొదట్లోనే హిమోగ్లోబిన్ బాగున్న మనిషికి, ఒక మోకాలికి, రక్తం ఎక్కించాల్సి రావడం అరుదైపోయింది. ఇదంతా చేసేది 500 మిల్లీగ్రాముల ఆంపూల్స్, అంటే చిన్న గాజుబుడ్లు, రెండు. 2017 ఆగస్టులో కేంద్రం ధర కట్టడి చేసినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం మోకీలుకే 54,720 రూపాయలు నిర్ణయించారు. ఆ బిల్లులో ఈ ఆంపూల్స్ ధర వెతికినా కనపడదు.

మందు కొత్తదేమీ కాదని మీ బాబాయిగారికి చెప్పండి. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే ఒకమోటో యుద్ధానంతరపు లేమిలో చేసిన పరిశోధన ఇది. 1962లో ప్రచురించారు. పసిబిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేసిన మనిషి ఆమె. ప్రసవంలో తల్లులు రక్తం పోయి చనిపోకుండా ఈ మందు పనికొస్తుందని ఆమెకు బలమైన నమ్మకం. అక్కడి ప్రసూతి వైద్యులు పరీక్షించడానికి ముందుకు రాలేదు. ఇరవై వేల మంది తల్లులతో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2017లో వెలువడి, ఆమె చెప్పింది నిజమేనని తేల్చింది. ఆమె అంతకు ముందు ఏడాదే, 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మోకీళ్ల డాక్టర్లం ఆమెకు ఎంత రుణపడి ఉన్నామో మాలో చాలామందికి తెలియదు.

ఇక స్టెంటు. గుండెజబ్బు, రక్తనాళాల జబ్బు ఉన్నవారిని, లేదా వచ్చే అవకాశం ఉన్నవారిని 9,535 మందిని తీసుకుని, గుండెకు సంబంధించని ఆపరేషన్లలో ఈ మందును పరీక్షించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన రక్తస్రావం 11.7 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గింది. గుండె కండరం దెబ్బతినడం, పక్షవాతం, గడ్డల వంటివి మందు తీసుకున్నవారిలో 14.2 శాతం, తీసుకోనివారిలో 13.9 శాతం. తేడా చిన్నదే. అయినా, ముందే పెట్టుకున్న కఠినమైన కొలత ప్రకారం పూర్తిగా నిరపాయమని రుజువు కాలేదని ఆ పరిశోధకులే రాసుకున్నారు. కాబట్టి ప్రమాదం సున్నా అని నేను చెప్పను. మూడేళ్ల నాటి స్టెంటు ఉండి, ఛాతీనొప్పి, ఆయాసం లేని మనిషికి నేనైతే ఈ మందు ఇస్తాను. రక్తం బాగా పోయి, హిమోగ్లోబిన్ ఏడుకు దిగి, గుండె దడదడలాడడం ఆ స్టెంటుకు ఇంకా చెడు. క్లోపిడోగ్రెల్‌ను ఎప్పుడు ఆపాలో మీ గుండె డాక్టరు చేత రాయించుకోండి. మామూలుగా అయిదు నుంచి ఏడు రోజుల ముందు ఆపిస్తారు. అది ఆపకపోతే నేను వెన్నులో మత్తు సూది కూడా వేయను. ఆస్పిరిన్‌ను సాధారణంగా కొనసాగిస్తారు. రెండూ కలిసిన బిళ్ల కనుక, ఆపమన్నారని మొత్తం ఆపేసి ఆస్పిరిన్ కూడా మానేసే ప్రమాదం ఉంది. విడిగా ఆస్పిరిన్ రాయించుకోండి.

ఇంతవరకు మీరు అడిగింది. మీరు అడగనిది ఒకటుంది. నా అభ్యంతరమంతా ఆ ఇంజెక్షన్ మీద కాదు, ఆ తేదీ మీద. హిమోగ్లోబిన్ 9.8తో, రెండు మోకాళ్లూ ఒకేసారి, వచ్చే వారమే! నాలుగు యూనిట్లు సిద్ధం చేసుకోమన్నారంటే రక్తం ఎక్కించక తప్పదని వాళ్లకు ముందే తెలుసన్నమాట. మోకాలు ఈ వారం అరిగింది కాదు. నెలన్నర ఆగితే కొంపలేమీ మునగవు. అసలు ఆ 9.8 ఎందుకు వచ్చింది? ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్, దానికి తోడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. ఈ మూడూ కలిస్తే కడుపులో పుండు పడి, రోజూ కాస్త కాస్త రక్తం కారిపోతూ ఉండవచ్చు. చూడకుండా ఆపరేషన్‌కు తీసుకెళ్లడమంటే చిల్లు ఉన్న కుండలో నీళ్లు పోయడమే. మెట్‌ఫార్మిన్ ఎక్కువకాలం వాడినవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు, దానివల్ల కూడా రక్తహీనత వస్తుంది. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. క్రియాటినిన్ ఎందుకంటే, ట్రానెక్సామిక్ యాసిడ్ దాదాపు మొత్తం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. షుగరుతో అవి దెబ్బతిని ఉంటే మోతాదు తగ్గించాలి. ఇనుము తక్కువని తేలితే బిళ్లలు సరిపోతాయో, సెలైన్‌లో ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందు పెట్టించాలో డాక్టరు చెబుతారు. తర్వాత ఒక మోకాలు, కోలుకున్నాక రెండోది. ఒకేసారి చేస్తే ఖర్చు కలిసొస్తుందని మీకు చెప్పే ఉంటారు. స్టెంటు ఉన్న, రక్తం తక్కువున్న మనిషికి ఆ లెక్క నేను ఒప్పుకోను.

*ప్రశ్న: ఇదే ఇంజెక్షన్ వెన్నులోకి వెళ్తే మనిషి చనిపోతాడని వార్తల్లో చదివాను. మా నాన్నగారికి ఈ నెలలో మోకీలు మార్పిడి ఉంది. ఇంత ప్రమాదమైన మందును ఎలా వాడుతున్నారు? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం*

మీరు చదివింది నిజమే. నా వృత్తిలో నన్ను ఇప్పటికీ భయపెట్టే విషయాల్లో ఇదొకటి. చాలాచోట్ల మోకీలు మార్పిడికి నడుము దగ్గర వెన్నులో సన్నటి సూదితో బుపివకైన్ అనే మందు ఎక్కించి కాళ్లను మొద్దుబారుస్తాం. ఆ ఆంపూల్ గాజుదే, ఇదీ గాజుదే. రెండింట్లోనూ నీళ్లలాంటి ద్రవం. కొన్ని కంపెనీల లేబుళ్ల రంగులు కూడా కలిసిపోతాయి. సిరంజిలోకి లాగాక ఏది ఏదో దేవుడికే తెలియాలి. పొరపాటున ట్రానెక్సామిక్ యాసిడ్ వెన్నులోకి వెళ్తే నిమిషాల్లో నడుము, పిరుదులు భరించలేనంత నొప్పెడతాయి, కాళ్లు వాటంతటవే ఎగిరిపడతాయి, తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం. ఇలా జరిగినట్టు వైద్య పత్రికల్లో నమోదైనవారిలో దాదాపు సగం మంది బతకలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. ఈ మందును మత్తుమందుల దగ్గర పెట్టవద్దనేది అందులో ముఖ్యమైన సూచన.

నా పద్ధతి ఇది. వెన్నుసూది పళ్లెంలో బుపివకైన్ తప్ప ఇంకో ఆంపూల్ ఉండకూడదు. ఉంటే ఆ పళ్లెం వెనక్కి వెళ్తుంది, సిస్టర్ ఎంత విసుక్కున్నా సరే. ఆంపూల్ మెడ విరిచే ముందు ఆమె పేరు పైకి చదువుతుంది, తర్వాత నేను చదువుతాను. సూది వేసి, రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు మొద్దుబారాయని చూసుకున్నాకే ట్రానెక్సామిక్ యాసిడ్ లోపలికి తెప్పిస్తాను. సిరంజితో గబుక్కున తోసెయ్యను. తోస్తే రక్తపోటు పడిపోతుంది, వాంతి వచ్చినట్టుంటుంది. ఒక గ్రామును వంద మిల్లీలీటర్ల సెలైన్ సీసాలో కలిపి, సీసా మీద పేరు రాసి, చేతి నరంలోకి పది నిమిషాలు పట్టేలా వదులుతాను. అది అయ్యాక తొడకు పట్టీ బిగిస్తారు, కోత మొదలవుతుంది. మూడు గంటల తర్వాత రెండో మోతాదు ఇచ్చేవారున్నారు. కొందరు సర్జన్లు కుట్లు వేశాక కీలులోకే నేరుగా ఎక్కిస్తారు.

వెన్నులోకి పోతే ప్రాణం తీసేది నరంలోకి సరిగ్గా ఇస్తే చాలా భద్రమైన మందు. మత్తు డాక్టరు ముందురోజు మీ నాన్నగారిని చూడడానికి వస్తారు కదా, అప్పుడు అడగండి: ట్రానెక్సామిక్ యాసిడ్ ఎప్పుడు, ఎలా ఇస్తారండీ, దాన్ని ఎక్కడ పెడతారు అని. ఎవరైనా ఆ ప్రశ్నకు చిరాకు పడితే అది మీకు తెలియాల్సిన విషయమే. ఒక్క సంగతి మీరు చెప్పి తీరాలి. ఆయనకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే దాచకండి. మోతాదు ఎక్కువైతే నరంలోకి ఇచ్చినా ఈ మందు ఫిట్స్ తెప్పించగలదు.

*ప్రశ్న: ముఖం మీద మంగుమచ్చలకు చర్మ డాక్టరు ఇచ్చిన బిళ్ల మీద ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఉంది. మా అత్తగారి మోకాలి ఆపరేషన్ చీటీలోనూ అదే పేరు. రెండూ ఒకటేనా? నేను గర్భనిరోధక మాత్రలు కూడా వాడుతున్నాను. — ఒక పాఠకురాలు, కరీంనగర్*

ఒకటేనమ్మా. నెలసరి ఎక్కువగా అవుతుంటే గైనకాలజిస్టు రాసేదీ ఇదే. మంగుకు రోజుకు 250 మిల్లీగ్రాముల బిళ్ల రెండుసార్లు, నెలల తరబడి ఇస్తారు. మోకాలికి ఒకటి రెండు గ్రాములు, ఒక్కరోజుతో సరి. మీ అత్తగారి సంగతి కన్నా మీ ఉత్తరంలోని చివరి వాక్యమే నన్ను ఆపింది. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు కాళ్ల నరాల్లో గడ్డలు కట్టే అవకాశాన్ని కాస్త పెంచుతాయి. వాటితో కలిపి నెలల తరబడి ట్రానెక్సామిక్ యాసిడ్ వాడడం మంచిది కాదు. ఈ రోజే చర్మ డాక్టరుకు ఫోను చేసి మాత్రల సంగతి చెప్పండి. మంగు కొంతకాలం ఆగగలదు.

*ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడ మా నాన్నకు మోకీలు మార్చారు. రెండు గంటల ముందు మూడు బిళ్లలు మింగించారు, మర్నాడే ఇంటికి పంపారు, రక్తం మాటే ఎత్తలేదు. ఏలూరులో మా పెద్దమ్మకు మాత్రం ఇద్దరు దాతలను తీసుకురమ్మంటున్నారు. మన దగ్గర ఆ మందు దొరకదా? — ఒక పాఠకుడు*

దొరక్కపోవడమేమిటండీ, మన దేశపు అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. అక్కడ 650 మిల్లీగ్రాముల బిళ్లలు దొరుకుతాయి కనుక మూడు ఇస్తారు. ఇక్కడి బిళ్లలు 250, 500. మింగినా, నరంలోకి ఇచ్చినా, కీలులో వేసినా మోకాలి విషయంలో ఫలితం ఇంచుమించు ఒకటేనని అమెరికా కీళ్లమార్పిడి సర్జన్ల సంఘాలు 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పాయి. నేను నరాన్నే ఎందుకు ఎంచుకుంటానంటే, బిళ్ల సరిగ్గా రెండు గంటల ముందు పడాలి. మన థియేటర్లలో ఎనిమిదింటికన్న ఆపరేషన్ పదకొండింటికి మొదలైతే అదృష్టం. మందు సగం బలం రెండు మూడు గంటల్లోనే తగ్గిపోతుంది.

దాతల సంగతికొస్తే, అది మందు రాకముందు పుట్టిన అలవాటు. మందు వచ్చాక కూడా అడ్మిషన్ చీటీలో ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టివేయలేదు. మీ పెద్దమ్మగారి హిమోగ్లోబిన్ 12 దాటి ఉంటే, ఒక మోకాలే అయితే, గ్రూపు చూసి, యాంటీబాడీ పరీక్ష చేసి నమూనా ఉంచుకుంటే చాలదా అని మీవాళ్ల చేత అడిగించండి. అంతగా గుండెజబ్బు లేని మనిషికి ఆపరేషన్ తర్వాత ఎనిమిదికి దిగితేనే ఎక్కించాలా అని ఆలోచిస్తాం. ఆమె ఊరివాళ్లు స్వచ్ఛందంగా రక్తం ఇస్తామంటే మాత్రం ఆపకండి, ఏలూరులో దాని అవసరం పడే బాలింత ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు.

*ప్రశ్న: నాకు 71 ఏళ్లు. రెండు నెలల క్రితం కాలి నరంలో గడ్డ కట్టిందని, రక్తం పలుచబడడానికి అపిక్సబాన్ మొదలుపెట్టారు. మోకీలు మార్పిడికి తేదీ ఇచ్చారు. ఈ ఇంజెక్షన్ తీసుకోవచ్చా? — ఒక పాఠకుడు, అనంతపురం*

ఇంజెక్షన్ మాట తర్వాత. ఇప్పుడు ఆ ఆపరేషనే వద్దు. గడ్డ కట్టిన మొదటి మూడు నెలల్లో తప్పనిసరి కాని శస్త్రచికిత్స ఏదీ చేయించుకోకూడదు. అపిక్సబాన్ ఆపితే గడ్డ, ఆపకపోతే రక్తస్రావం. చికిత్స పూర్తయ్యాక, గడ్డ ఎందుకు కట్టిందో తేల్చుకున్నాక రండి. అప్పుడు మీ సర్జన్ మందును నరంలోకి కాకుండా కీలులోకే వేయవచ్చు. అలా వేస్తే రక్తంలో కలిసేది బాగా తక్కువ. అసలే కలవదని మాత్రం అనుకోకండి.

*ప్రశ్న: ఆపరేషన్‌కు ముందు రక్తం పట్టాలని మా ఆవిడకు రోజూ బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు, దానిమ్మ ఇస్తున్నాం. ఇంకేమి ఇవ్వాలి? — ఒక పాఠకుడు, ఖమ్మం*

బీట్‌రూట్ ఎరుపుకూ రక్తం ఎరుపుకూ చుట్టరికం లేదండీ. మీరు ఇస్తున్నవి చెడ్డవి కావు గానీ, నాలుగైదు వారాల్లో హిమోగ్లోబిన్‌ను రెండు గ్రాములు పెంచే శక్తి వాటికి లేదు. షుగరు ఉంటే ఖర్జూరాలు, రసాలు వేరే తలనొప్పి తెస్తాయి. మాంసం తినేవారైతే వేటమాంసంలోని కార్జం మంచిది. శాకాహారులైతే తోటకూర, ఉలవలు, పక్కన నిమ్మకాయ పిండుకుని. వీటన్నిటికన్నా డాక్టరు రాసిన ఇనుము బిళ్ల పనిచేస్తుంది. దాన్ని కాఫీతో, టీతో, పాలతో వేయకండి, గంట ఎడం ఉంచండి. కడుపులో వికారంగా ఉంటే రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి, చాలామందికి అలా కూడా బాగానే ఒంటబడుతుంది. వెల్లుల్లి గుళికలు, చేపనూనె గుళికలు, ఊళ్లో ఎవరో ఇచ్చిన నొప్పుల పొడి, ఏవైనా వాడుతుంటే ముందే చెప్పండి. రక్తం గడ్డకట్టే తీరును మార్చేవి వాటిలో ఉండవచ్చు, ఆ పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మేవారూ ఉన్నారు. ఇనుము బిళ్లలు మొదలుపెట్టాక విరేచనం నల్లబడితే కంగారు పడకండి, అది ఇనుము రంగే. బిళ్ల వేయకముందు నుంచే తారులాగా నల్లగా, జిగటగా అవుతుంటే మాత్రం ఆపరేషన్ తేదీ కన్నా ముందు కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.